సీసాలో జెర్రి

పశువుల కొట్టం వెనక రాయి కదిలిన చప్పుడైంది. శ్రావణి తడిక సందులోంచి చూసింది.

తెల్లగడ్డం ముసలాయన. ఎన్నడూ చూడని మనిషి. రాయి కింద ఉన్న జానెడు జెర్రిని పటకారుతో పట్టి సీసాలో వేసుకుంటున్నాడు.

సీసా లోపల దాని కాళ్లు గరగరమంటుంటే శ్రావణి ఒళ్లు జలదరించింది.

"భయపడకు బిడ్డా," అన్నాడు తలెత్తకుండానే. "ఇటు రా, చూపిస్త."

ఆమె కదల్లేదు. ఆయనే ఇంకో సీసా పైకెత్తాడు. అందులో నల్లటి రోకలిబండ పురుగు చుట్ట చుట్టుకుని ఉంది.

"దీనికి ఒక్కో కణుపుకు నాలుగు కాళ్లు. ముట్టుకుంటే ముడుచుకుంటది, అంతే. జెర్రికి కణుపుకు రెండే. కానీ తల కింద చూడు, ముందటి కాళ్లు రెండూ కోరల్లెక్క ఉన్నయి. విషం అండ్లనే. అది కుడితే నిద్రపోయే మనిషి లేచి ఊరంత లేపుతడు."

"ఇవన్నీ నీకెందుకు తాతా?"

ఆయన నోరు తెరిచేలోపు బొజ్జయ్య మామ కర్ర పట్టుకుని వచ్చాడు.

"ఏందిర ముసలోడా, మా ఇండ్ల మీదికి పురుగుల్ని తోలనీకొచ్చినవా?"

"కాదయ్యా, పిల్లలకు చూపించి..."

"చేతబడి చేసేటోళ్లంత గట్లనే అంటరు. నడువ్!"

కర్ర సీసాల మీద పడింది. గాజుపెంకుల్లోంచి జెర్రులు తలోదిక్కూ పారాయి. ముసలాయన ఖాళీ సంచి భుజాన వేసుకుని రోడ్డు వైపు వెళ్లిపోయాడు.

మరునాడు పొద్దున శ్రావణి చెల్లెలు కళావతి చాప మీది నుంచి లేవలేదు.

"కడుపు నొస్తుందక్కా."

ఎనిమిదేళ్ల పిల్ల. రెప్పలు సగం వాలిపోయి ఉన్నాయి. మడమ మీద రెండు చిన్న గాట్లు.

తల్లి జంపక్క చాప ఎత్తింది. దాని కింది నుంచి జెర్రి సరసరా పారింది.

"అయ్యో, జెర్రి కుట్టిందే!"

బొజ్జయ్య వచ్చి జెర్రిని చంపాడు. పిల్ల కాలికి పసుపు తాడు కట్టి మంత్రం మొదలుపెట్టాడు. జెర్రి కుట్టినవాళ్లు పొద్దు నడినెత్తికి వచ్చేదాకా గడప దాటకూడదని ఆ ఊరి కట్టుబాటు.

"దవాఖానాకు పోదాం మామా," అంది శ్రావణి. ఆ మాట ఆమెకే సరిగా వినపడలేదు.

"జెర్రికి దవాఖానా ఏందే? నవ్వుతరు. ఇది ఆ ముసలోడి పనే."

నలుగురు పరుగెత్తారు. బస్ షెల్టర్లో పడుకున్న ముసలాయనను కొట్టుకుంటూ వాకిట్లోకి లాక్కొచ్చారు.

"నీ జెర్రి పిల్లను కుట్టింది. నువ్వు చేసింది నువ్వే తియ్!"

ఆయన నుదుటి నుంచి రక్తం కారుతోంది. తుడుచుకోలేదు. గడప లోపలున్న పిల్ల మొహాన్నే చూస్తున్నాడు.

"రాత్రి పిల్ల ఏడ్చిందా?"

ఆయన జంపక్క వైపు తిరిగాడు.

"నిన్నే తల్లీ, చెప్పు. నొప్పని అరిచిందా, లేదా?"

పదిమందిలో ఎన్నడూ నోరు విప్పని శ్రావణి గడప దగ్గరికి వచ్చింది.

"లేదు. నా పక్కనే పండుకుంది. మెదలనుగూడ మెదల్లే."

"అయితే జెర్రి కాదు. కట్లపాము. అది కరిస్తే తెల్వనే తెల్వది. ముందు రెప్పలు వాలుతయి, తర్వాత ఊపిరి ఆగుతది."

"తప్పించుకోనీకి ఎన్ని మాటలు చెప్తుండో చూడుండ్రి!" అన్నాడు బొజ్జయ్య.

ముసలాయన రెండు చేతులూ జోడించాడు.

"నన్ను తర్వాత కొట్టుండ్రి. ముందు పిల్లను ఆటో ఎక్కించుండ్రి. నడిపొద్దు దాక ఉండది."

కళావతి ఏదో అనబోయింది. మాట ముద్దగా వచ్చింది. పెదవి చివర చొంగ కారింది.

శ్రావణి చెల్లెల్ని భుజాన వేసుకుంది.

"గడప దాటితే నీ చెల్లె నీకు దక్కదు!" అరిచాడు మామ.

ఆమె దాటింది.

జంపక్క వెనకే పరుగెత్తి భద్రాచలం పోయే ఆటో ఎక్కింది. దవాఖానా చేరేసరికి, ఊపిరి ఉందో లేదో ముక్కు దగ్గర చెంప పెట్టి చూడాల్సి వచ్చింది.

పాము కాటు మందు ఎక్కించారు. గొంతులో గొట్టం పెట్టారు. మూడో రోజు గొట్టం తీశాక కళావతి కళ్లు తెరిచి "ఆకలి" అంది. జంపక్క ఏడ్చేసింది.

"ఇంకో అరగంట ఆగితే దక్కకపోయేది," అంది నర్సు నిర్మలాదేవి. "జెర్రి కాదని ఎవరు చెప్పిండ్రు?"

"ఓ తాత. సీసాల్ల పురుగుల్ని పట్టుకుంటడు." శ్రావణి తల దించుకుంది. "మావోళ్లు కొట్టిండ్రు."

నిర్మలాదేవి ఆమె వైపు తిరిగింది.

"బలరాం తాతనా! తలకు నాలుగు కుట్లు పడ్డయి. మూడు దినాల సంది వెనక వరండాలనే కూసున్నడు. పిల్ల కళ్లు తెరిచిందని ఇప్పుడే చెప్పిన."

శ్రావణి వరండాలోకి పరుగెత్తింది. బెంచీ ఖాళీగా ఉంది. గేటు దాకా వెళ్లి రెండు వైపులా చూసింది. ఎవరూ లేరు.

రొప్పుతూ తిరిగి వచ్చింది.

"ఏ ఊరికి పోయిండమ్మా?"

"ఎవలకు తెల్సు? వానలు పడంగనే ఊరూరు తిరుగుతడు. పురుగుల్ని చూపిస్తడు, ఏది కుడితే ఎట్లుంటదో చెప్తడు. ఎక్కడనన్న కొడితే ఇటొస్తడు."

"సైన్స్ సారా?"

"కాదు బిడ్డా," అంది నిర్మలాదేవి నెమ్మదిగా. "ఏన్కూరు దిక్కు పేరుమోసిన జెర్రి మంత్రగాడు. కట్లపాము కరిచిన సొంత బిడ్డను ఒళ్లె పెట్టుకుని, జెర్రి కాటేనని, ఊపిరి ఆగేదాక మంత్రం చదివిన తండ్రి."