పద్దెనిమిది ఉండలు

ముక్కు చీదిన చేత్తోనే సరోజన మళ్ళీ పిండి పిసికింది.

యాదవ్వ తిప్పుతున్న రాట్నం ఆపి, నూలు కండెను ఒళ్ళో పడేసి, కోడలు ఇప్పుడైనా లేచి చెయ్యి కడుక్కుంటుందేమోనని చూసింది. సరోజన లేవలేదు.

"కడుక్కోరాదు పిల్లా," అన్నది యాదవ్వ.

"ఏమైతది అత్తమ్మా? అంత కడుపులకు పోయేదే గద."

బేసినులో ఉన్నది బిస్కెట్ల పొడి, ఎండు కొబ్బరికుడుక తురుము, గట్టిపాలు, హన్మకొండ నుంచి తెప్పించిన డబ్బాలోని చాక్లెట్ పొడి. పొయ్యి ముట్టించే పనే లేదట. ప్రతి ఐతారం యాదవ్వ కాలికి కట్టు మార్చడానికి వచ్చే నర్సు శారద చెప్పిన మిఠాయి అది. నల్లగా, జిగటగా వేళ్ళ సందుల్లోంచి సాగుతున్న ఆ ముద్దను చూస్తే వానాకాలపు కాశిబుగ్గ మురికి మోరీలు గుర్తొచ్చాయి యాదవ్వకు. ఉండలు చేశాక ఇంకా అన్యాయం. అచ్చం మేక పెంటికలు.

వాసన మాత్రం కమ్మగా ఉంది. అదే ఆమె ఖర్మ.

యాదవ్వకు తీపి అంటే ప్రాణం. దసరా ముందు మగ్గం గుంతలోకి దిగుతుంటే కాలి బొటనవేలికి దెబ్బ తగిలింది. పుండు మానలేదు. దవాఖానకు పోతే షుగరన్నారు. ఉగాది దాకా చూస్తామని, అప్పటికీ మానకపోతే వేలు తీసెయ్యక తప్పదని డాక్టరు చెప్పాడు. నలభై ఏళ్ళు మగ్గం తొక్కిన కాలు అది. వేలు పోతే మళ్ళీ ఆ గుంతలోకి దిగేది లేదు. ఆ సంగతి తెలిసీ యాదవ్వ నోరు కట్టుకోలేకపోయింది. ఇంట్లో బెల్లం దాచేస్తే పక్కింటి పద్మను పంపి చాటుగా జిలేబీ తెప్పించుకునేది. కొడుకు సాంబయ్య కాళ్ళు పట్టుకుని బతిమాలినా ఆగింది రెండు రోజులే.

ఆమెను ఆపింది షుగరు భయం కాదు, కోడలి పెంట పని.

రెండు నెలల కిందటి దాకా ఈ సరోజన కడిగిన చెంబునే మళ్ళీ కడిగేది. నీళ్ళన్నీ పారబోస్తోందని యాదవ్వే తిట్టేది. ఏం గాలి సోకిందో, పిల్ల ఉన్నట్టుండి మారిపోయింది. మొదట రవ్వలడ్డూలో మూరెడు వెంట్రుక వచ్చింది. తర్వాత గరిజెలు మడుస్తూ అంచులను నాలుకతో తడిపి అతికించింది. ఆ మర్నాడు పద్మ తెచ్చిన జిలేబీ పొట్లం విప్పితే యాదవ్వకు ఆ నాలుకే కనిపించింది. పొట్లం కట్టి తిరిగి పద్మ చేతిలోనే పెట్టేసింది.

ఇప్పుడు మరీ బరితెగించింది. గరిటె కనబడలేదని గంజి కలిపే కట్టెతో ముద్దను తిప్పింది. నిన్న పడుగుకు పెట్టిన గంజి పులిసి, ఆ కట్టెకు ఇంకా అట్టకట్టి ఉంది. ఒక ఉండ చేజారి మగ్గం కిందికి దొర్లితే వంగి తీసి, అంటుకున్న దుమ్మును ఉఫ్ అని ఊది, కొబ్బరిపొడిలో పొర్లించి పళ్ళెంలో పెట్టింది. అంత ఊదినా నూలు పీచు ఒకటి తోకలా వేలాడుతూనే ఉంది.

"గదే సిస్టరమ్మకు పెడ్తవా?"

"పెడ్త. నువ్వు గూడ ఒకటి తిను అత్తమ్మా. ఒక్కదానితోని ఏం గాదు." నోటి దాకా తెచ్చింది.

"థూ. అవుతలికి తీయి."

ఉండలన్నీ పళ్ళెంలో చేరాయి. పోగులు లెక్కపెట్టే అలవాటున్న కన్ను ఊరుకోదు కదా. పద్దెనిమిది.

పది గంటలకు శారద వచ్చింది. ఎప్పటిలాగే సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, గోళ్ళ సందులు కూడా తోముకుని, అప్పుడు కట్టు విప్పింది. వేలిని అటూ ఇటూ తిప్పి, పుండు చుట్టూ నొక్కి చూసింది. మగ్గం ఆపి సాంబయ్య కూడా వచ్చి నిలబడ్డాడు.

"పుండు ఎండింది అవ్వా," అన్నది చివరికి. "ఇగ వేలు తీసుడు లేదు."

యాదవ్వ కళ్ళు తుడుచుకుంది. సాంబయ్య గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

సరోజన లోపలికి పోయి గిన్నెలో ఉండలు తెచ్చింది. శారద ఒకటి తిన్నది. ఇంకొకటి తీసుకుంది. మాట్లాడుతూనే నాలుగు తిని వేళ్ళు నాకింది. సాంబయ్య రెండు లాగించాడు. యాదవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పుండును ముట్టేముందు గోళ్ళు తోముకునే మనిషి ఈ కక్కును ఎట్లా మింగుతోంది? కళ్ళతో సైగ చేసింది. శారద చూడలేదు. నోరు విప్పి చెబితే ఇంటి పరువు పోతుంది. పంటి బిగువున ఊరుకుంది.

శారదను సాగనంపడానికి సరోజన పెరటి దారిన బయటికి నడిచింది. మిగిలినవి వాడకట్టు పిల్లల నోట్లో పడకముందే మోరీలో పారబొయ్యాలని, యాదవ్వ గోడ పట్టుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. పళ్ళెం ఒక మూలన ఉంది. చేతిలోకి తీసుకోగానే కన్ను అలవాటుగా లెక్కపెట్టింది.

పద్దెనిమిది.

మళ్ళీ లెక్కపెట్టింది. పద్దెనిమిదే. నూలు పీచు తోక ఉన్న ఉండ కూడా పెట్టిన చోటే ఉంది.

కిటికీ అవతల, బావి దగ్గర సరోజన మోచేతుల దాకా సబ్బు రాసి చేతులు తోముకుంటోంది. శారద పక్కన నిలబడి నీళ్ళు పోస్తోంది. సరోజన గొంతు తగ్గించి అడిగింది.

"వచ్చే ఐతారం ఏ మిఠాయి మీద అసయ్యం పుట్టియ్యాలె సిస్టరమ్మా?"