కుచ్చిళ్ల కొండ

మా కొండపేటలో సర్వేవాళ్లు ఇంటికో కొండ రాతిగోడ అప్పగించారు. పొద్దున్నే వాకిలి ఊడ్చాక, ఆ రాతిలో మడతలు ఎలా ఉన్నాయో ఫోన్లో చెప్పాలి. నలభై ఇళ్ల మాటలూ లెక్కేసి, కొండ కదులుతోందో లేదో మిషను తేలుస్తుంది. కొలతలు అక్కర్లేదట, మాటలు చాలట.

మా ఇంటి తరఫున అత్త ఎర్నమ్మ చెబుతుంది. రోజూ మడత సందులో చిటికెన వేలు మొదలు దాకా పెట్టి చూశాకే నోరు విప్పుతుంది. ఓరోజు "చీర కుచ్చిళ్లలాగున్నాయి" అంది. బోరింగు దగ్గర ఆ మాట అందరికీ నచ్చింది. అంతవరకూ దుప్పటి మడతలన్న వాళ్లు కూడా కుచ్చిళ్లనడం మొదలెట్టారు. వారం తిరిగేసరికి ముప్పై మూడిళ్లది అదే మాట.

నిన్న ఆర్డరొచ్చింది. మడతలు బిగుస్తున్నాయట, ఎల్లుండికల్లా ఊరు ఖాళీ చెయ్యాలట. కాఫీ పళ్లు కోతకొచ్చి ఉన్నాయి.

"మారింది మాటే కదే, కొండ కాదు కదా?" అంది అత్త.

సర్వే జోగారావుకి ఫోన్ చేశాను. "ముప్పై మూడిళ్లవాళ్లు అబద్ధమాడతారా పిన్నీ?" అన్నాడు. అబద్ధమని నేనన్నానా?

ఇద్దరం గోడ దగ్గరికెళ్లాం. అత్త వేలు గోరు దాకా వెళ్లి ఆగిపోయింది.

"పొద్దుట్నుంచీ బట్టలుతికాను, వేలు నాని ఉబ్బిందేమో. నువ్వు పెట్టి చూడు."

నా వేలూ పట్టలేదు. నిన్నైతే పట్టేదో లేదో. నేనెప్పుడూ పెట్టి చూడలేదు.