చెప్పకుండా వచ్చేవాళ్ళు

హార్లన్ ఫోను పెట్టేసి వంటగదిలోకి పరిగెత్తుకొచ్చాడు. "ట్రూడీ! నో బిల్!"

గిన్నెలు తోముతున్న ట్రూడీ నురగ చేతులతోనే వెనక్కి తిరిగింది. "అయ్యో, ఎంత మంచాయన! ఫీజే వద్దన్నాడా లాయరు?"

"పిచ్చిదానా, ఆ బిల్లు కాదే! నో బిల్ అంటే, నా మీద కేసే పెట్టక్కర్లేదని గ్రాండ్ జ్యూరీ తేల్చేసిందని. ఇంట్లోకి జొరబడ్డవాణ్ణి కాల్చడం మన టెక్సస్‌లో నేరం కాదట. ఇంక కోర్టూ లేదు, జైలూ లేదు!"

ట్రూడీ ఒక్క కేక పెట్టి అతని మెడకు వేలాడింది. చొక్కా వెనకంతా సబ్బు నురగే. పెళ్ళికి వచ్చిన కానుకల పెట్టెలు ఇంకా సగం విప్పకుండానే ఉన్నాయి. వాటి మధ్యే ఇద్దరూ గిర్రున తిరిగారు. హార్లన్ కాలి బొటనవేలు ఒక పెట్టెకు కొట్టుకుంది. అతను కుంటుతుంటే ట్రూడీ పడీపడీ నవ్వింది.

నవ్వుతూ అతని నడుము చుట్టూ చెయ్యి వేసింది. గట్టిగా, చల్లగా తగిలింది పిస్తోలు. నవ్వు ఆగిపోయింది.

"ఇంక దీన్ని తీసెయ్ హార్లన్. కేసు అయిపోయిందిగా."

"కేసు అయిపోయింది. ఆ చచ్చినవాడి అన్నదమ్ములు అయిపోలేదుగా! పొద్దున్నించి ఆ తెల్ల ట్రక్కు మన ఇంటి ముందు ఎంత మెల్లగా పోతోందో చూశావా?"

"రోడ్డు నిండా గుంటలే. ఎవరైనా మెల్లగానే పోతారు."

"నీకు తెలీదు. కళ్ళు మూస్తే చాలు, ఆ తలుపు విరిగిన చప్పుడే వినిపిస్తోంది నాకు."

ట్రూడీకి తెలుసు. పక్కన పడుకునేది ఆమే కదా. ఊరికి మాత్రం ఇదేమీ తెలియదు. కాఫీ కొట్టువాడు హార్లన్ దగ్గర డబ్బులు తీసుకోవడం మానేశాడు. లాయరు కోసం మొదలుపెట్టిన చందా ఇంటి అప్పును కూడా దాటిపోయింది. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఎక్కడెక్కడి నుంచో డబ్బు పంపుతూ, 'ఇంకొకడొచ్చినా వదలకు' అని రాస్తున్నారు. 'వాడికీ ఒక తల్లి ఉంది' అని రాసినావిడను అందరూ కలిసి తిట్టిపోశారు. ట్రూడీ ఆ మాటలేవీ హార్లన్‌కు చదివి వినిపించలేదు.

వెనక తలుపు గడియ టక్కుమంది.

హార్లన్ గోడకు ఆనుకున్నాడు. పిస్తోలు ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ట్రూడీ చూడలేదు. తలుపు మెల్లగా తెరుచుకుంటోంది. ఇంతలో దాల్చినచెక్క వాసన గుప్పుమంది. ట్రూడీ ఒక్క ఉదుటున వెళ్ళి అతని మణికట్టు మీద పడి కిందకు నొక్కేసింది.

రెండు చేతుల్లో దాల్చినచెక్క వేసి చేసిన వేడి వేడి పీచ్ పళ్ళ తీపి పళ్ళెం పట్టుకుని, వీపుతో తలుపు తోసుకుంటూ వచ్చింది పక్కింటి మిస్ ఓపల్. ఆమె ఇటు తిరిగేసరికి పిస్తోలు హార్లన్ వెనక్కి వెళ్ళిపోయింది.

"మిస్ ఓపల్... ఒకసారి తలుపు తట్టొచ్చుగా!" అంది ట్రూడీ.

"బాగుంది సంబడం! ఈ వీధిలో తలుపు తట్టేది పన్నులవాళ్ళూ, ఓట్లవాళ్ళేనే అమ్మాయ్. రేడియోలో విన్నాం. చర్చిలో ఆడవాళ్ళమంతా ఏడ్చేశామంటే నమ్ము. ఏరా హార్లన్, పెళ్ళిలో కూడా ఇలాగే బిగుసుకుపోయావు! మంచి వార్త విన్న మొహమేనా అది?" అతని బుగ్గ మీద చిన్నగా కొట్టి, వచ్చినంత హడావుడిగానూ వెళ్ళిపోయింది.

హార్లన్ నేల మీద కూలబడ్డాడు. ట్రూడీ పక్కనే కూర్చుంది.

"తూటా తగిలి ఆవిడే పడిపోయుంటే జ్యూరీ ఏమనేది హార్లన్?"

అతను పిస్తోలు ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఒక్క వారం. ఆ ట్రక్కు ఎవరిదో తేలాక దీన్ని నేనే తీసుకెళ్ళి షెరీఫుకి ఇచ్చేస్తా. ఒట్టు. ఈలోగా ఎవరొచ్చినా ముందు ఫోన్ చేసి రమ్మని చెప్పు. చెప్పకుండా మాత్రం ఎవర్నీ రానీకు" అన్నాడు.

ట్రూడీ గుండె తేలికపడింది. అప్పటికప్పుడే ఊళ్ళోవాళ్ళందరికీ మెసేజ్ పెట్టేసింది: 'దయచేసి మా ఇంటికి వచ్చేముందు ఒక్క ఫోన్ చేయండి. మరచిపోకండి.' తర్వాత ఇద్దరూ నేల మీదే కూర్చుని, ఒకే చెంచాతో ఆ పీచ్ పళ్ళ తీపి తిన్నారు. మూతికి అంటుకున్న పాకాన్ని చూసి ఒకరినొకరు వెక్కిరించుకున్నారు. చాలా రోజుల తర్వాత హార్లన్ నవ్వాడు.

వీధి మలుపులో కారులో ఎదురుచూస్తున్నారు చర్చి ఆడవాళ్ళు. మిస్ ఓపల్ వాళ్ళకు ఆ మెసేజ్ చూపించి పకపకా నవ్వింది.

"చూశారా, మనం చెప్పకుండా చేయబోయే విందు గురించి పిల్లకి అప్పుడే అనుమానం వచ్చేసింది! అందుకే ఇద్దరికీ ఎవరూ ఒక్క ముక్క చెప్పకండి, ఫోన్ అసలే చేయకండి. వాళ్ళ తాళంచెవి ఎక్కడుంటుందో నాకు తెలుసు. రేపు వాళ్ళు పని నుంచి వచ్చేలోపు కార్లన్నీ చర్చి వెనక దాచేసి, కర్టెన్లు మూసేసి, సోఫాల వెనక నక్కి కూర్చుందాం. హార్లన్ తలుపు తీయగానే అందరం ఒక్కసారిగా అతని మీదికి దూకి, గుండె ఝల్లుమనేలా అరవాలి!"