సున్నం కింద మిమినా

అసుంతా రెండో అంతస్తు నుంచి ఆల్చిప్పలు కడిగిన నీళ్లు కుమ్మరించింది.

నేరుగా అన్యెల్లో నెత్తిన పడ్డాయి.

"అయ్యో, చూసుకోలేదు నాయనా," అంది.

"చూసుకునే పోశావులేవే," ఎదురు బాల్కనీలోంచి తితినా నవ్వింది. "రేపటి వంతు నాది."

అన్యెల్లో మొహం తుడుచుకున్నాడు. కుంచె సున్నంలో ముంచి మళ్లీ గోడకి పూయసాగాడు. మున్సిపాలిటీలో అతని పని అదే.

ఆ గోడమీద మరియమాత, మొహం నిండా సబ్బు నురగతో, గడ్డం చేసుకుంటోంది.

బొమ్మ వేసింది మిమినా. మగపిల్లాడిగా పుట్టి, గౌను తొడిగి, ఆడదానిగా బతికిన మనిషి. నేపుల్స్‌లో ఆ సందువాళ్లకి అలాంటి మనిషంటే అదృష్టం. బిడ్డ పుడితే ముందు మిమినా చేతుల్లో పెట్టాల్సిందే.

ఆమె బొమ్మలే చర్చికి గిట్టవు. జేబుదొంగ సిరో మొహంతో ఒక పునీతుడు. సందు చివర రాత్రిపూట నిలబడే అమ్మాయిల మొహాలతో దేవదూతలు. మిమినా బొమ్మ వేయడం, ఫాదరు రంకెలు వేయడం, అన్యెల్లో బకెట్టుతో దిగడం.

"సిగ్గు లేదురా సున్నపోడా?" అని పైనుంచి అసుంతా అరిచేది.

"ఉద్యోగం అమ్మా."

ఆదివారం మధ్యాహ్నం మిమినా ఇంట్లో తంబోలా ఆడేవాళ్లు. ఆడవాళ్లూ, మిమినా లాంటివాళ్లూ మాత్రమే. మగవాడు గడప దాటకూడదు. ఒక్కో అంకె పిలిచి మిమినా దానికో బూతుకథ అల్లేది. ఆ నవ్వులకి రేవులో ఓడలు అటూ ఇటూ ఊగాయంటారు.

అన్యెల్లో మాత్రం బయట గోడకి ఆనుకుని నిలబడేవాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"పోలీసులకి కబుర్లు మోసే రకం. తరిమేయవే," అంది తితినా.

"ఉండనీవే. మనిషి ఆనుకుంటే గోడ అరిగిపోతుందా?" అంది మిమినా.

తర్వాత మిమినా చచ్చిపోయింది.

అప్పుడు మొదలైంది.

వాన పడితే చాలు, సున్నం తడిసి లోపల్నుంచి మొహాలు తేలేవి. ముందు కళ్లు, ఆ తర్వాత నోరు. ఆ కళ్లకి జడిసి చేపల మిక్కో వారంపాటు తూకం సరిగ్గా వేశాడు. అంతకు మించిన మహిమ ఆ సందులో ఎవరూ చూడలేదు.

బాలింతలు వానకోసం కాచుకుని, పసికందుల్ని ఆ గోడకి ఎత్తి చూపించేవాళ్లు.

ఎండ కాయగానే అన్యెల్లో వచ్చేవాడు. కళ్లమీద సున్నం పూసేవాడు.

"చచ్చినదాన్ని కూడా వదలవా?" అసుంతా కాండ్రించి ఉమ్మింది.

"తడి మంచిది కాదమ్మా," అన్నాడు.

ఒక చలికాలం అతనూ పోయాడు. సందులోంచి ఒక్క మనిషి శవం వెనక నడవలేదు.

ఆ పైన మున్సిపాలిటీ గోడలు గీకేసి కొత్త గచ్చు చేయిస్తానంది. మ్యూజియం నుంచి లూచిల్లా అనే అమ్మాయి పరుగున వచ్చింది.

"బొమ్మలు బతికుంటే పని ఆపిస్తాను. పాడైపోయుంటే నా చేతుల్లో ఏమీ లేదు."

"అంత సున్నం తాగి ఏం బతుకుతాయి తల్లీ?" అంది అసుంతా. "ఆ కళ్లు కూడా పోతే ఇక మా పిల్లల్ని ఎవరికి చూపించుకోవాలి?"

లూచిల్లా గోడని వేలితో తట్టింది, డొల్లగా మోగింది. చిన్న కత్తితో సున్నం అంచు లేపింది. సున్నం బత్తాయి తొక్కలా ఊడివచ్చింది.

ఆమె కత్తి పక్కన పెట్టి దగ్గరగా వంగి చూసింది.

"కింద కాగితం ఉంది. ఉల్లిపొరంత పల్చన, అతికిస్తే కంటికి ఆనదు. బొమ్మమీద జిగురుతో అతికించి, దానిమీద సున్నం వేశారు."

"అంటే?"

"పూతకి ముందు ఎవరో బొమ్మకి దుప్పటి కప్పారు. వానకి నానినప్పుడల్లా మళ్లీ పూశారు. లేకపోతే తడి దిగి ఎప్పుడో రాలిపోయేది."

గోరువెచ్చటి నీళ్లతో అద్దితే కాగితం లేచింది. మరియమాత చెంపమీద సబ్బు నురగ నిన్న వేసినట్టుంది.

అసుంతా ఆ నురగని వేలితో తాకి చూసింది.

"ఇక్కడ సున్నం వేసింది ఎవరండీ?" అడిగింది లూచిల్లా.

"సున్న..." అనబోయి తితినా నాలుక కరుచుకుంది.

"అన్యెల్లో," అంది అసుంతా. ఆ పేరు ఆ సందులో ఎవరైనా పలకడం అదే మొదలు.

"మరి మిమినా ఇంట్లో గోడకి సున్నం ఎవరు వేయమన్నారు? ఇందాక అక్కడ తట్టి చూసినా ఇదే డొల్ల చప్పుడు," అంది లూచిల్లా.

"ఇంట్లోనా? అక్కడ బొమ్మే లేదమ్మా. ఎప్పుడూ తెల్లగోడే."

అందరూ లోపలికి తోసుకుని వెళ్లారు. లూచిల్లా అద్దింది, ఆగింది, మెల్లగా లాగింది.

కాగితం వెనక, తెల్లటి పెళ్లిగౌనులో మిమినా. ఆమె చెయ్యి పట్టుకుని, కనుబొమ్మల మీద సున్నపు చుక్కలతో సిగ్గుపడుతున్న పెళ్లికొడుకు అన్యెల్లో.