గుట్ట మీది మురుగు

గుట్ట మీద అన్నిటికన్నా పై ఇల్లు పందికొక్కు పెద్దయ్యది. ఆయన వాడిన నీళ్ళు కుందేలు గడప దాటి, కిందనున్న ముంగిస వంటింట్లోకి చేరేవి. ఇళ్ళు పెరిగేకొద్దీ ఆ వంటిల్లు మడుగైపోయింది.

"గుట్ట అడుగుదాకా అందరికీ కలిపి ఒక కాలువ తవ్వుకుందాం పెద్దయ్యా" అంది ముంగిస.

"కాలువెందుకే పిచ్చిదానా? నీరు పల్లమెరుగునని ఊరికే అన్నారా" అన్నాడు పెద్దయ్య మీసాలు దువ్వుకుంటూ.

కొన్నాళ్ళకు ఎక్కణ్ణుంచో ముళ్ళపంది వచ్చి, పెద్దయ్య ఇంటికి పైనున్న ఖాళీ జాగాలో కాపురం పెట్టింది. మర్నాడు పెద్దయ్య నిద్రలేచేసరికి మంచం చుట్టూ మురుగు నీళ్ళలో పుచ్చకాయ తొక్క తేలుతోంది.

ఉరుక్కుంటూ పైకి వెళ్ళాడు. ముళ్ళపంది పిల్లలకు నీళ్ళు పోస్తోంది.

"నీరు పల్లమెరుగునని తమరే సెలవిచ్చారట గదండీ" అంది వినయంగా.

ముళ్ళపందితో దగ్గర నిలబడి పోట్లాడలేం గదా. పెద్దయ్య ఆ పూటే ఊరందరినీ పిలిచి కాలువ మొదలుపెట్టించాడు. అందరూ సంబరంగా తవ్వారు. కాలువ పెద్దయ్య పెరడు దాటగానే ఆయన చెయ్యెత్తి ఆపాడు. పూలు చల్లి, కొబ్బరికాయ కొట్టాడు.

"మిగతాది రెండో విడతలో చూద్దాం" అన్నాడు.

ముంగిస మూటాముల్లె సర్దుకుని ముళ్ళపంది పక్కన ఇల్లు తవ్వుకుంది. కుందేలూ వెళ్ళింది. వాళ్ళ వెనకే అందరూ వెళ్ళారు.

ఇప్పుడు గుట్ట మీద అన్నిటికన్నా కింది ఇల్లు పెద్దయ్యదే. ఇంతమంది మురుగు పట్టక ఆయన కాలువ ఆయన వంటింట్లోకే పొర్లుతోంది. కాలువ పొడిగిద్దామని ఇల్లిల్లూ తిరుగుతున్నాడు.

ముంగిస ఆయనకు పీట వేసి, చెప్పిందంతా ఓపిగ్గా వింది.

"రెండో విడతలో చూద్దాం పెద్దయ్యా" అంటూ గిన్నెలు కడిగిన నీళ్ళు కాలువలోకి వంచింది.