ఈ ఒక్క బస్సు

"రానీ, నన్ను తొక్కించుకుంటూ పోనీ" అంటూ మాబు డిపో గేటుకి అడ్డంగా రోడ్డు మీద పడుకున్నాడు.

ఎదురుగా ఆగిన కొత్త బస్సు డ్రైవరుకి ఆ మాట వినిపించలేదు. బక్కపలచని మనిషి. అద్దాలన్నీ మూసుకుని, ఇంజను ఆపకుండా, బెదురుచూపులు చూస్తూ సీట్లోనే కూర్చున్నాడు. బస్సు వెనక గుంటూరు యార్డుకి పోయే మిరపకాయల లారీలు బారులు తీరాయి. ఆ ఘాటుకి సమ్మెలో ఉన్నవాళ్లంతా దగ్గుతూ, తుమ్ముతూనే నినాదాలు చేస్తున్నారు.

కొత్త బస్సులు కొనడానికి డబ్బు లేదని, ఇకమీదట ప్రైవేటు వాళ్ల బస్సుల్ని అద్దెకి తీసుకుని ఈ డిపో నుంచి కూడా నడపాలని పైవాళ్లు నిర్ణయించారు. బస్సూ ఓనరుదే, డ్రైవరూ ఓనరు మనిషే. అలాంటి బస్సు ఒక్కటి గేటు దాటిందంటే తమ చేతుల్లోంచి స్టీరింగు ఊడినట్టేనని డ్రైవర్లందరి భయం. అందరినీ కూడగట్టి గేటు ముందు కూర్చోబెట్టింది యూనియన్ సెక్రటరీ ప్రేమదాసు. మాబుకి అతను ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ స్నేహితుడు. ఒకరి క్యారేజీలో ఇంకొకరు తిన్నవాళ్లు.

ఆ ప్రేమదాసే వచ్చి మాబు పక్కన గొంతుక్కూర్చున్నాడు. చెవి దగ్గరికి వంగి, "లేవరా. ఈ ఒక్క బస్సునీ పోనీ" అన్నాడు.

మాబు తను సరిగా వినలేదనుకున్నాడు. "ఏంటీ?"

"పొద్దున వచ్చినవాటిని వెనక్కి పంపేశాం కదా. దీన్ని పోనిద్దాం. ఆ తర్వాత వచ్చేవాటిని ఆపుదాం."

"దీని ప్రత్యేకత ఏంటి?"

ప్రేమదాసు అతని చెయ్యి పట్టుకుని లేపబోయాడు.

మాబు లేచి కూర్చున్నాడు. "లాఠీలు విరిగినా గేటు వదలొద్దని మా చేత ప్రమాణం చేయించింది నువ్వే కదరా. ఇప్పుడు నువ్వే తప్పుకోమంటే రేపు వీళ్లందరికీ మనం మొహం ఎట్టా చూపించాలి?"

"చెప్పలేనురా. నా మీద నమ్మకముంటే పక్కకి రా."

"ఎవరిదిరా ఈ బస్సు?"

"ఎవరిదైతే ఏంలే. వాళ్లకీ పిల్లలున్నారు."

ఆ మాట మాబుకి ఎక్కడో తగిలింది. సంక్రాంతి వెళ్లిన దగ్గర్నుంచీ ప్రేమదాసు ఫైనాన్సు కంపెనీ మెట్లెక్కి దిగుతుండటం అతను చూశాడు. ఏంటని అడిగితే, తెలిసినవాళ్లకి హామీ ఉంటున్నానని చెప్పాడు. మాబు నమ్మాడు. ప్రేమదాసు ఏం చెప్పినా నమ్మడమే అతనికి అలవాటు.

"నీదేనా?" అన్నాడు.

ప్రేమదాసు మెడలో కండువా సర్దుకుంటూ బస్సు వైపు చూశాడు.

"నిన్నే అడిగేది. నీదేనా బస్సు?"

"నాదే అనుకో" అన్నాడు చివరికి, తల ఎత్తకుండానే. "నన్ను ఏమైనా అను, పడతాను. బస్సుని మాత్రం లోపలికి పోనీరా."

మాబుకి ఒళ్లంతా మండిపోయింది. లేచి నిలబడి గుంపు వైపు తిరిగాడు. "వినండి. మనల్ని ఎండలో కూర్చోబెట్టి ఈ పెద్దమనిషి అద్దె బస్సు కొనుక్కున్నాడు. ఇదిగో, ఇదే ఆయన బస్సు. మనం పక్కకి తప్పుకుని దండం పెట్టాలంట."

నినాదాలు ఆగిపోయాయి. మరుక్షణం గుంపంతా ప్రేమదాసు మీదికి వచ్చింది. ఒకడు నోటికొచ్చిన బూతు తిట్టాడు. ఇంకొకడు చొక్కా పట్టుకుని లాగాడు, గుండీలు తెగాయి. అతని మెడలోని ఎర్ర కండువాని మాబే లాగి రోడ్డు మీద పారేశాడు. ఎవరో వెనకనుంచి తోశారు. ప్రేమదాసు బోర్లా పడ్డాడు. పెదవి చిట్లి నెత్తురు కారింది. చెయ్యి అందించాలని మాబుకి అనిపించలేదు.

"ఎంతకి అమ్ముడుపోయావురా?" అన్నాడు.

ప్రేమదాసు తనంతట తానే లేచాడు. చొక్కా అంచుతో పెదవి తుడుచుకుని మాబు కళ్లలోకి చూశాడు. లారీల మధ్య నుంచి తల వంచుకుని వెళ్లిపోయాడు. ఒక్కరు కూడా అతని వెంట వెళ్లలేదు.

మాబు కళ్లు తుడుచుకున్నాడు. మిరపకాయల ఘాటని చెప్పుకోవచ్చు, ఎవరైనా అడిగితే. తిన్నగా బస్సు దగ్గరికి నడిచి తలుపు మీద అరచేత్తో గట్టిగా కొట్టాడు. డ్రైవరు ఇంజను ఆపి తలుపు తీశాడు. మాబు ఎక్కాడు. లోపలంతా కొత్త రెగ్జిను వాసన.

"అద్దాలు పగలగొట్టమాకన్నా, నీకు దండం పెడతా" అన్నాడు డ్రైవరు.

"బండి వెనక్కి తిప్పు. ప్రేమదాసు బస్సు ఈ గేటు దాటదని మీ ఓనరుకి చెప్పు."

"ప్రేమదాసు ఎవరన్నా? బండి ఆయనది కాదే."

"మరెవరిది?"

డ్రైవరు బయట ఉన్న గుంపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "చెప్పొద్దన్నారు గానీ, నువ్వు పెద్దవాడిలా ఉన్నావు. ఓనరు ఆడమనిషన్నా. కొడుక్కి ఎక్కడా ఉద్యోగం రాలేదని పుట్టింటి పొలం అమ్మి, చాలనిదానికి ఎవరో హామీ ఉంటే ఫైనాన్సులో అప్పు తెచ్చి కొన్నదంట. ఆమె మొగుడు ఈ డిపోలోనే డ్రైవరంట, ఆయనకి తెలియదంట. ఆయన కంట మాత్రం పడకుండా తోలెయ్యమని మరీ మరీ చెప్పింది. మాబు అంట... ఈ గుంపులో ఎవరన్నా ఆయన?"