గని చేతులు

కుంపటి మీద మరుగుతున్న ఇత్తడి గిన్నెను మార్గారో గుడ్డ పట్టకుండానే దించి, కాఫీ పోసింది.

ఊరికి కొత్తగా వచ్చిన ముసలాయన కాఫీ చూడలేదు. ఆ పిల్ల అరచేతినే చూశాడు. పసుపుపచ్చగా, చెప్పు అట్టలా ఉంది.

"చిన్నప్పటి నుంచీ ఇంతేనా తల్లీ?"

కాఫీకొట్టు యజమాని, పిల్ల తండ్రి ఫ్లోరియోస్ మీసం దువ్వాడు. నాక్సోస్ దీవి కొండల్లో సానరాయి తవ్విన వంశం తమదనీ, తాతముత్తాతల చేతికాయలే పిల్లకు వచ్చాయనీ చెప్పాడు. ఆ చేతిని కుట్టిన తేలే చచ్చిందన్నాడు. తేలును ఎవరూ చూడలేదు గానీ, ఊరంతా నమ్ముతుంది.

ముసలాయన నవ్వలేదు. ఉన్నిలా ముడుచుకున్న ఆమె జుట్టు చూశాడు. కళ్లు తిరుగుతుంటాయా అన్నాడు. ఆలుమగలది ఒకే ఊరా అన్నాడు.

"ఒకే వీధి. పెళ్లికి పిల్లను వెతుక్కుంటూ పడవెక్కిన పాపం మా ఇంట్లో ఎవరూ చేయలేదు."

"ఇవి గని కాయలు కావు నాయనా. మీ ఇద్దరి నెత్తుట్లోనూ ఒకే లోపం దాక్కుంది. ఒక్కరి నుంచే వస్తే బిడ్డకేమీ కాదు. ఈ తల్లికి ఇద్దరి నుంచీ వచ్చింది. చర్మాన్ని కుట్టిన దారమే గుండెనూ కుడుతుంది. అది పురి విడిపోతోంది. ఏథెన్స్‌లో గుండె చూపించు."

బల్లల దగ్గరివాళ్లంతా ఫ్లోరియోస్ వైపు తిరిగారు. మాటకు రెండు పాదాల పద్యం అల్లి కొట్టకపోతే ఆ ఊళ్లో మగాడి కింద జమకట్టరు.

"చెయ్యి చూసి గుండె చెప్పే చోద్యం చూడండి,
తోక చూసి మేకకు కళ్లజోడు పెడతాడండి."

కొట్టు గొల్లుమంది. ఏ ఆసుపత్రికి దళారివని కూడా అడిగి, ఫ్లోరియోస్ ఆయనకు బయటికి దారి చూపించాడు.

ముసలాయన గుమ్మంలో ఆగాడు. ఫ్లోరియోస్ భార్య అన్నేజాకు మళ్లీ అదే మాట మెల్లగా చెప్పి బస్సెక్కాడు.

ఆగస్టు జాతరలో, చేయీ చేయీ కలిపి ఆడుతూ మార్గారో కుప్పకూలింది.

తెలివొచ్చాక అందరూ వడదెబ్బన్నారు. అన్నేజా వినలేదు. మొగుణ్ణీ కూతుర్నీ ఓడెక్కించింది.

ఏథెన్స్ డాక్టరమ్మ ఆ అరచేతులు చూసి, తిన్నగా గుండె పరీక్షకే పంపింది. గుండెకు కాపలాగా చర్మం కింద చిన్న పెట్టె అమర్చారు. ఆ వారంలోనే గుండె తడబడితే, ఆ పెట్టే తట్టి లేపింది.

మార్గారో కళ్లు తెరిచి, ఆకలన్నది.

ఫ్లోరియోస్ డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాడు.

"మా ఊరొచ్చిన మీ పెద్ద డాక్టరుగారెక్కడమ్మా? కాళ్లు పట్టుకుంటాను. ఆయన్ని తరిమేశాను నేను."

ఆమె ఆనవాళ్లు అడిగింది. విని, కుర్చీ చూపించింది.

"పోయిన నెలలో చనిపోయారండీ. కొండ ఊళ్లన్నీ తిరిగి, ఇలాంటి పిల్లల్ని మా దగ్గరికి పంపేవారు."

"అంత చదువు చదివి, మా కొట్టులో మాట పడ్డాడా?"

"ఆయన డాక్టరు కాదండీ. ఈ జబ్బేమిటో మాకే తెలియని రోజుల్లో, ఇంకో బిడ్డ పోకూడదని, చనిపోయిన తన ఒక్కగానొక్క కూతురి గుండెను కోసి చూడమని మా చేతుల్లో పెట్టిన తండ్రి."